పిల్లల చేతికి కారు: ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉంటే ఎంత ఖర్చు?

ఇంట్లో పిల్లలకు పద్దెనిమిది నిండి లైసెన్స్ చేతికి రాగానే చాలామంది తండ్రులకు వచ్చే మొదటి అనుమానం: "మావాడు నడిపితే ప్రీమియం పెరుగుతుందా?" ఈ అనుమానం చాలాసార్లు అమెరికా ఫోన్ల నుంచి వస్తుంది. డాలస్‌లో ఉండే చిన్నాన్న పదహారేళ్ల కూతుర్ని పాలసీలో చేర్చాక బిల్లు ఎక్కడికి పోయిందో చెప్పి వాపోతాడు. అక్కడ నడిపే మనిషి వయసు, డ్రైవింగ్ రికార్డు చూసి రేటు కడతారు మరి.

మన దగ్గర పాలసీ ప్రధానంగా కారును చూస్తుంది, ఆర్సీలో ఉన్న పేరును చూస్తుంది. సరైన లైసెన్స్ ఉన్నవాళ్లు ఎవరు నడిపినా అదే పాలసీ వర్తిస్తుంది. కొడుక్కి లైసెన్స్ వచ్చిందని కంపెనీకి ఫోన్ చేసి చెప్పాల్సిన పనే లేదు. మరి ఖర్చు పెరగదా అంటే, పెరుగుతుంది. కాకపోతే అది మరో దారిలో వస్తుంది: తండ్రి ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మీద పడుతుంది. అందుకే చౌక కంపెనీ కోసం వెతికే ముందు కారు ఎవరి పేరు మీద ఉండాలో తేల్చుకోండి.

## ముందు చూసుకోవాల్సిన నాలుగు విషయాలు

థర్డ్ పార్టీ. మన కారు వల్ల అవతలివాళ్లకు జరిగిన నష్టానికి కవర్. ఇది చట్టప్రకారం తప్పనిసరి. రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, బేరాలుండవు. ఇంజిన్ సైజును బట్టే ఉంటుంది, నడిపేవారి వయసుతో దీనికి సంబంధం లేదు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు ఇవి. రెన్యువల్ ముందు మారాయేమో ఒకసారి చూసుకోండి.

| ఇంజిన్ | ఏడాదికి (రూ.) | కొత్త కారుకు 3 ఏళ్లకు (రూ.) |
|---|---|---|
| 1000 సీసీ వరకు | 2,094 | 6,521 |
| 1000 నుంచి 1500 సీసీ | 3,416 | 10,640 |
| 1500 సీసీ పైన | 7,897 | 24,596 |

దీని మీద 18 శాతం జీఎస్టీ అదనం. 998 సీసీ ఉండే ఆల్టో కే10 లాంటి కారుకూ, 1197 సీసీ ఉండే స్విఫ్ట్‌కూ తేడా ఏడాదికి 1,322 రూపాయలే. 1500 సీసీ దాటితే మాత్రం రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. పిల్లల కోసం డీజిల్ ఎస్‌యూవీ చూస్తున్నవాళ్లు ఈ గీత ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి.

ఓన్ డ్యామేజ్, నో క్లెయిమ్ బోనస్. మన కారుకు జరిగిన నష్టానికి ఇచ్చేది ఓన్ డ్యామేజ్, అంటే ఓడీ. దీనికి రేటు కంపెనీ ఇష్టం. కారు ఐడీవీ (అంటే కంపెనీ కట్టిన నేటి విలువ), వయసు, ఇంజిన్, రిజిస్టర్ అయిన ఊరు చూస్తారు. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ ఒక్కటే ఎ జోన్, మిగతావన్నీ బి జోన్. అందుకే అదే కారుకు విజయవాడలోనో వరంగల్‌లోనో కాస్త తక్కువ పడుతుంది. ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే ఓడీ మీద తగ్గింపు వస్తుంది: వరుసగా 20, 25, 35, 45, 50 శాతం. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా.

ఈ నో క్లెయిమ్ బోనస్, అంటే ఎన్‌సీబీ, పాలసీదారుడి సొత్తు, కారుది కాదు. తండ్రి కారు మారిస్తే కొత్త కారుకు తీసుకెళ్లొచ్చు. కానీ బతికుండగా కొడుక్కి రాసివ్వడం కుదరదు.

నడిపే పిల్లల ప్రాణానికి కవర్. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. పాలసీతో పాటు తీసుకునే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ "ఓనర్ డ్రైవర్"కు మాత్రమే. కారు తండ్రి పేరు మీద ఉండి కొడుకు నడుపుతూ ప్రమాదంలో పోతే అందులోంచి రూపాయి రాదు. థర్డ్ పార్టీ కింద అడుగుదామన్నా కష్టమే. బండి అడిగి తీసుకుని నడిపేవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టేనని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కోర్టు కేసు ఎవరి మీదికి వస్తుంది. ప్రమాదంలో అవతలి మనిషికి ఏదైనా అయితే నడిపినవారితో పాటు ఆర్సీలో ఉన్న యజమాని కూడా బాధ్యుడే. పాలసీ షరతులు సరిగ్గా ఉంటే ప్రాణనష్టానికి, గాయాలకు కంపెనీ ఎంతైనా కడుతుంది, పరిమితి లేదు. ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల వరకు కడుతుంది. లైసెన్స్ లేనివాళ్లు నడిపారని తేలితే బాధితులకు ముందు కంపెనీ చేత కట్టించి, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతుంటాయి. ఇల్లు, పొలం తండ్రి పేరు మీదే ఉన్నప్పుడు ఆ వసూలు ఎక్కడికి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

## మొదటి దారి: నాన్న కారే పిల్లలూ నడపడం

రెన్యువల్ రోజున అదనంగా పైసా ఖర్చు లేదు. ఆదివారం అమ్మను గుడికి తీసుకెళ్లడానికో, అప్పుడప్పుడూ కాలేజీకో నడిపేవాళ్లకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. చిక్కల్లా సొట్టలతోనే.

లెక్క వేసి చూద్దాం. నాన్నది 1197 సీసీ కారు, ఎన్‌సీబీ లేకపోతే ఓడీ 10,000 అనుకుందాం. 50 శాతం ఎన్‌సీబీ ఉంది కాబట్టి 5,000 కడుతున్నాడు. థర్డ్ పార్టీ 3,416, జీఎస్టీ కలిపి మొత్తం సుమారు 9,930.

అబ్బాయి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తూ పిల్లర్‌కు కొట్టాడు. వెనక బంపర్ మార్చాలి, పక్కన పెయింట్ వేయాలి. బిల్లు 9,000: బంపర్ 5,000, పెయింటింగ్ 4,000. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో (థర్డ్ పార్టీ, ఓడీ రెండూ ఉన్నది) ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు తీసేస్తారు, అంటే 2,500 పోయింది. పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం తీస్తారు, ఇంకో 500 పోయింది. 1500 సీసీ వరకు కార్లకు ప్రతి క్లెయిమ్‌లో మన వాటా 1,000. చివరికి కంపెనీ ఇచ్చేది 5,000.

ఇప్పుడు అటువైపు చూడండి. వచ్చే ఏడాది ఎన్‌సీబీ సున్నా. ఓడీ 5,000 బదులు 10,000 కట్టాలి. ఆపై ఏటా 20, 25, 35, 45 అంటూ మళ్లీ మెట్లెక్కాలి. 50 శాతంతో పోలిస్తే ఈ ఐదేళ్లలో పోయే తగ్గింపు కలిపితే 12,500, జీఎస్టీతో 14,750. ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది ఇంతకంటే కాస్త తక్కువే. పన్నెండు వేలనుకున్నా, ఐదు వేల కోసం పన్నెండు వేలు వదులుకున్నట్టే. ఇలాంటి బిల్లు జేబులోంచి కట్టేసి ఊరుకోవడమే మేలు. షెడ్డువాడు "ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, క్లెయిమ్ వేసేద్దాం" అంటాడు. బిల్లు అతనికి ఎలాగూ వస్తుంది, బోనస్ పోయేది మీకు.

ఈ దారిలో వెళ్లేవాళ్లు రెండు పనులు చేయాలి. ఒకటి, పిల్లల పేరు మీద విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. రెండోది, మీకు ఎన్‌సీబీ 45, 50 శాతం దాకా వచ్చి ఉంటే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ధర అడగడం. దీనితో ఏడాదిలో ఒకటో రెండో క్లెయిములు చేసినా బోనస్ పోదు. ఎన్ని అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. ఎన్‌సీబీ ఇంకా 20 శాతం దగ్గరే ఉన్నవాళ్లకు ఈ యాడ్ ఆన్ దండగ.

## రెండో దారి: పాత కారు పిల్లలకు, కొత్త కారు నాన్నకు

ఇంట్లో ఎలాగూ రెండో కారు కొనే ఆలోచన ఉంటే నా ఓటు దీనికే. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా చేస్తారు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో, ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిందనో కొత్త కారు వాడి చేతికిచ్చి, తండ్రి పాతదే నడుపుతుంటాడు. ప్రేమ సంగతి పక్కన పెడితే, ఇన్సూరెన్స్ లెక్కలో అది ఖరీదైన పని.

పైన చెప్పిన పాత కారే తీసుకుందాం: ఓడీ 10,000, నాన్నకు 50 శాతం ఎన్‌సీబీ. కొత్త కారు పది లక్షలది, ఓడీ 30,000 అనుకుందాం.

| పద్ధతి | పాత కారు ఓడీ | కొత్త కారు ఓడీ | మొత్తం |
|---|---|---|---|
| రెండూ నాన్న పేరు మీదే | 5,000 | 30,000 | 35,000 |
| కొత్తది కొడుకు పేరు మీద, పాతది నాన్నకే | 5,000 | 30,000 | 35,000 |
| పాతది కొడుకు పేరుకు, కొత్తది నాన్న పేరు మీద | 10,000 | 15,000 | 25,000 |

మూడో వరసలో ఏం జరిగిందంటే, పాత కారు ఆర్సీ కొడుకు పేరుకు మారింది కాబట్టి నాన్న తన 50 శాతం బోనస్‌ను కొత్త కారుకు తెచ్చుకున్నాడు. ఓడీ ఎక్కువున్న చోట తగ్గింపు పడింది. మొదటి ఏడాది మిగులు 10,000, జీఎస్టీతో 11,800. తర్వాతి ఏళ్లలో మొదటి రెండు వరసల వాళ్లకూ కొత్త కారు మీద బోనస్ పెరుగుతూ వస్తుంది కాబట్టి ఈ తేడా తగ్గుతూ పోతుంది.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఇంకో లాభం. ఒకే మనిషి పేరు మీద రెండో కారు రిజిస్టర్ చేస్తే లైఫ్ ట్యాక్స్ 2 శాతం అదనం. పది లక్షల కారుకు అది 20,000. ఏ ఇన్సూరెన్స్ తగ్గింపూ దీనికి సాటి రాదు. అందుకని పాత కారు పేరు మార్పు ముందు, కొత్త కారు రిజిస్ట్రేషన్ తర్వాత. వరస తప్పితే ఈ లాభం పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొనేవాళ్లు రెండో బండి పన్ను సంగతి బుకింగ్‌కు ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి.

సొట్టల సంగతికొస్తే, కొత్తగా నేర్చుకున్న చెయ్యి పాత కారు మీద తిరగడమే మంచిది. దాని మీద ఎన్‌సీబీ ఎలాగూ సున్నా, క్లెయిమ్ చేసినా పోయేదేం లేదు. కారు కొడుకు పేరు మీదే ఉంది కాబట్టి ఓనర్ డ్రైవర్ కవర్ నేరుగా అతనికే వస్తుంది. వాడి పేరు మీద బోనస్ లెక్క కూడా ఇప్పటి నుంచే మొదలవుతుంది. ఇరవై మూడో ఏట సొంతంగా కారు కొనుక్కునేసరికి 50 శాతంతో వెళ్లొచ్చు, జాగ్రత్తగా నడిపితే.

ఒక్క చోట మాత్రం చాలామంది దెబ్బతింటారు. ఆర్సీ మార్పించి పాలసీని వదిలేస్తారు. కారు కొడుకు పేరు మీద, ఇన్సూరెన్స్ నాన్న పేరు మీద. ప్రమాదం జరిగాక సర్వేయర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఓడీ క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. పేరు మారిన 14 రోజుల్లోపు పాలసీ మార్పుకు దరఖాస్తు చేయాలి, ఎన్‌సీబీ తేడా కట్టాలి. అదే సమయంలో నాన్న తన పేరు మీద ఎన్‌సీబీ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. అది మూడేళ్ల వరకు చెల్లుతుంది కాబట్టి కొత్త కారు డెలివరీ ఆలస్యమైనా టెన్షన్ లేదు.

## మూడో దారి: కొత్త కారు పిల్లల పేరు మీదే

సొంత జీతం మీద, సొంత ఈఎంఐతో కొనుక్కునే పిల్లలకు ఇది తప్ప వేరే దారి వెతకనక్కర్లేదు. బోనస్ సున్నాతో మొదలవుతుంది, మొదటి ఏడాది ప్రీమియం బరువుగానే ఉంటుంది. లోన్ ఉంటే బ్యాంకువాళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ అడుగుతారు, థర్డ్ పార్టీతో సరిపెట్టడం కుదరదు. బదులుగా కారు బాధ్యత అంతా పిల్లల మీదే ఉంటుంది. తండ్రి ఆస్తికి, ఈ కారు కేసులకు లంకె ఉండదు.

ఇలాంటి కారుకు జీరో డెప్రిసియేషన్, అదే మనవాళ్లు బంపర్ టు బంపర్ అనేది, మొదటి మూడేళ్లూ తీసుకోవాల్సిందే. పైన బంపర్ లెక్కలో తరుగు కింద పోయిన 3,000 దీనితో పోదు. పెద్ద దెబ్బ తగిలితే ఈ తరుగే పాతిక ముప్పై వేలవుతుంది.

ఇంకోటి. ఉద్యోగం చేసే ఊళ్లో స్నేహితులు కారు అడుగుతుంటారు. లైసెన్స్ ఉన్న స్నేహితుడు నడిపితే పాలసీ వర్తిస్తుంది, బోనస్ పోయేది మాత్రం ఓనర్‌ది. తెల్ల నంబర్ ప్లేట్ కారును అద్దెకు తిప్పితే పాలసీ పనికిరాదు. తాగి నడిపితే ఓడీ క్లెయిమ్ మాట మర్చిపోవాల్సిందే.

## నాలుగో దారి: సెకండ్ హ్యాండ్ కారు, తక్కువ ఇన్సూరెన్స్

రెండు లక్షల్లోపు కారు కొని రెండేళ్లు చెయ్యి తిరిగాక మార్చేద్దాం అనుకునేవాళ్లకు. ఏడెనిమిదేళ్లు దాటిన కారుకు ఐడీవీ తక్కువ కాబట్టి ఓడీ కూడా తక్కువే. థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుంటే 998 సీసీ కారుకు జీఎస్టీ కలిపి ఏడాదికి 2,471 రూపాయలతో పోతుంది. చట్టానికి అది చాలు. కానీ కారు కాలిపోయినా, దొంగలెత్తుకుపోయినా, చెట్టుకు గుద్దినా ఒక్క రూపాయి రాదు. లక్ష రూపాయలు పోతే తట్టుకోగల ఇల్లయితే సరే. అప్పు చేసి కొన్న లక్షన్నర కారయితే ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

అమ్మేవాళ్లు "ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది, 50 శాతం ఎన్‌సీబీ కూడా" అంటే ఆ రెండో మాట పట్టించుకోకండి. ఆ బోనస్ వాళ్లతో పాటే వెళ్లిపోతుంది, మీకు రాదు. పాలసీ ముగిసిపోయిన కారయితే ఓడీ ఇవ్వడానికి ముందు కంపెనీ బండిని చూసి ఫొటోలు తీసుకుంటుంది.

## పద్దెనిమిది నిండకపోతే, ఎల్‌ఎల్‌ఆర్ మీద ఉంటే

ఇంటర్ చదివే పిల్లలకు తాళం ఇచ్చే ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఇక్కడ పోలికే లేదు, ఏ పాలసీ కాపాడదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనర్ నడిపి నేరం జరిగితే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు నిండేవరకు లైసెన్స్ ఇవ్వరు.

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) ఉన్నవాళ్లకు పాలసీ వర్తిస్తుంది, షరతులతో. పక్క సీట్లో లైసెన్స్ ఉన్నవాళ్లు కూర్చుని నేర్పుతుండాలి, కారుకు ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. ఒంటరిగా పాల ప్యాకెట్ కోసం వెళ్లి గుద్దినా క్లెయిమ్ తిరగ్గొట్టడానికి అది చాలు.

## మీ ఇంటికి ఏది?

బిడ్డ హాస్టల్లో ఉండి సెలవులకే వస్తే మొదటి దారి. దానితో పాటు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. కారు నెలల తరబడి కదలకుండా ఉంటుంటే "పే యాజ్ యూ డ్రైవ్" అడగండి. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీనికి అనుమతి ఇచ్చింది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు అని ముందే చెప్పి ఓడీ తక్కువ కట్టొచ్చు. థర్డ్ పార్టీలో మాత్రం మార్పుండదు.

రోజూ కాలేజీకో ఆఫీసుకో కారే వాడే పిల్లలుంటే, తండ్రి కూడా కారు మార్చే ఆలోచనలో ఉంటే రెండో దారి. తండ్రికి మార్చే ఆలోచన లేకపోతే నాలుగోది. సొంతంగా సంపాదిస్తున్నవాళ్లకు మూడోది. ఇక్కడ తల్లిదండ్రులు డౌన్ పేమెంట్‌కు సాయం చేసినా ఆర్సీ పిల్లల పేరు మీదే ఉంచడం మంచిది.

చిన్న బిల్లులు ఎలాగూ జేబులోంచే కట్టుకుంటాం అని గట్టిగా అనుకున్నవాళ్లు వాలంటరీ డిడక్టబుల్ సంగతి అడగొచ్చు. ప్రతి క్లెయిమ్‌లో మొదటి 2,500 లేదా 5,000 మేమే భరిస్తాం అని ఒప్పుకుంటే ఓడీ కొంత తగ్గుతుంది. 15,000 దాకా ఒప్పుకునే అవకాశం ఉన్నా, కొత్త డ్రైవర్ ఉన్న ఇంట్లో అంత దూరం వెళ్లడం నాకు నచ్చదు. పెద్ద దెబ్బ తగిలిన రోజు ఆ పదిహేను వేలూ మన మీదే పడతాయి.

చివరగా కోట్‌ల సంగతి. షోరూమ్ వాళ్లు చూపించిన పాలసీయే తీసుకోవాలన్న రూల్ ఎక్కడా లేదు. బయట ఇంకో రెండు కోట్‌లు తెప్పించండి. పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ముందు ఐడీవీ ఒకటేనా అని చూడండి. ఒకరు ఆరు లక్షల ఐడీవీకి, ఇంకొకరు ఐదు లక్షల ఐడీవీకి ఇచ్చి "మాది రెండు వేలు తక్కువ" అంటే అది తగ్గింపు కాదు. కారు పోయిన రోజు చేతికి లక్ష తక్కువ వస్తుంది.